హాల్లో బాక్సు, పడకగదిలో బొమ్మ: అపోహలు – వాస్తవాలు

హాల్లో హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్ ఉంది. అందులో వచ్చేదే పడకగది టీవీలోనూ చూడాలి. కోరిక చిన్నదే కానీ, దుకాణదారు ఒకటి చెబుతాడు, కేబుల్ ఆపరేటర్ ఇంకొకటి చెబుతాడు, ఎలక్ట్రీషియన్ మరొకటి చెబుతాడు. చివరికి కొన్న పరికరం పనికిరాకుండా అటక ఎక్కుతుంది. వైరులో ఏం ప్రయాణిస్తుందో కాస్త తెలుసుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

అపోహ: ఒక బాక్సుకు స్ప్లిట్టర్ పెడితే రెండు గదుల్లో రెండు చానళ్లు చూడొచ్చు.

వాస్తవం: స్ప్లిట్టర్ ఉన్న బొమ్మను పంచుతుందే తప్ప కొత్త చానల్‌ను తేలేదు. హాల్లో క్రికెట్ పెడితే పడకగదిలోనూ క్రికెట్టే వస్తుంది. వేర్వేరు చానళ్లు కావాలంటే రెండో బాక్సు తీసుకోవాల్సిందే. 'మల్టీ టీవీ' కనెక్షన్‌గా తీసుకుంటే నెలవారీ రుసుములో ఏమైనా తగ్గుతుందేమో మీ ఆపరేటర్‌ను తప్పక అడగండి. ఇంకో జాగ్రత్త: హెచ్‌డీఎంఐ స్విచ్ అని అమ్మేది స్ప్లిట్టర్ కాదు. స్విచ్ పలు బాక్సులను ఒకే టీవీకి కలుపుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

అపోహ: రెండో బాక్సు పెడితే డాబా మీద రెండో డిష్ కూడా కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీని రెండు లేదా నాలుగు అవుట్‌పుట్‌లు ఉన్నదానితో మార్చి, ఒక్కో బాక్సుకు ఒక్కో వైరు లాగితే సరిపోతుంది. వచ్చిన ఒక్క వైరునే మామూలు స్ప్లిట్టర్‌తో చీల్చడం మాత్రం సరికాదు. తరంగాల్లో ఏ రకాన్ని పట్టాలో బాక్సే 13 వోల్టులు, 18 వోల్టుల తేడాతో ఎల్‌ఎన్‌బీకి చెబుతుంది. ఒకే వైరు మీద రెండు బాక్సులు వేర్వేరు ఆదేశాలిస్తే ఏదో ఒక బాక్సులో కొన్ని చానళ్లు రావు.

అపోహ: పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత ఏవీ వైరులోనూ హెచ్‌డీ వస్తుంది.

వాస్తవం: బాక్సు హెచ్‌డీదే అయినా పసుపు పిన్ను మోసేది ఎస్‌డీ బొమ్మనే. మన పాల్ పద్ధతిలో తెరమీద కనిపించేవి 576 గీతలు. ఫుల్ హెచ్‌డీలో అవి 1080. అయితే ఇంట్లో ఇదివరకే లాగిన కోయాక్సియల్ వైరును తప్పుపట్టకండి. డిష్ నుంచి బాక్సుకు హెచ్‌డీని తెచ్చేది అదే. లోపం వైరులో లేదు, అందులోకి మనం ఎక్కించే సిగ్నల్‌లో ఉంది. హెచ్‌డీఎంఐ తీసుకునే డిజిటల్ మాడ్యులేటర్ పెడితే అదే వైరులో హెచ్‌డీ పంపొచ్చు. కాకపోతే రెండో టీవీలోని ట్యూనర్‌కు ఆ పద్ధతి తెలిసి ఉండాలి. కొనేముందు టీవీ పుస్తకం చూసుకోండి.

అపోహ: బంగారు పూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్‌లో రంగులు బాగుంటాయి.

వాస్తవం: డిజిటల్ సమాచారం సరిగ్గా చేరితే ఏ కేబుల్‌లోనైనా రంగులు ఒకటే. చేరకపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మే పోతుంది. చూడాల్సింది పూతను కాదు, పొడవును. 1080 బొమ్మను మంచి రాగి కేబుల్ సాధారణంగా 10 మీటర్ల వరకు మోస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల 4కే అయితే 5 మీటర్లు దాటాక నమ్మకం తగ్గుతుంది. అంతకు మించిన దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ ఉంది. దానికి బాక్సు వైపు కొస వేరు, టీవీ వైపు కొస వేరు. తిరగేసి గోడలో పూడిస్తే పని చేయదు.

అపోహ: హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ లాన్ వైరుతోనే పని చేస్తుంది కాబట్టి రూటర్‌కు తగిలించొచ్చు.

వాస్తవం: వైరు లాన్‌దే, అందులో వెళ్లే సిగ్నల్ మాత్రం వేరు. 2010లో వచ్చిన హెచ్‌డీబేస్‌టీ పద్ధతి 100 మీటర్ల దాకా బొమ్మను పంపగలదు కానీ, ఈ కొస నుంచి ఆ కొసకు వైరు నేరుగా వెళ్లాలి. మధ్యలో రూటర్ పెడితే తెర నల్లగానే ఉంటుంది. రూటర్ గుండా పంపాలంటే 'ఐపీ' రకం ఎక్స్‌టెండర్ అడగండి. వైరు కూడా అచ్చమైన రాగిదే తీసుకోండి. అల్యూమినియానికి రాగి పూసిన చవక వైరు దూరం పెరిగేకొద్దీ మొరాయిస్తుంది.

అపోహ: ఇంట్లో వైఫై మీద హెచ్‌డీ పంపాలంటే పెద్ద ఇంటర్నెట్ ప్యాక్ ఉండాలి.

వాస్తవం: హార్డ్‌డిస్క్‌లోని సినిమా రూటర్ మీదుగా టీవీకి చేరడానికి ఇంటర్నెట్‌తో పనే లేదు. కనెక్షన్ పోయిన రోజు కూడా అది ఆడుతుంది. కుదించని 1080 బొమ్మకు సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. కుదించిన ప్రసారానికి సాధారణంగా 5 నుంచి 10 మెగాబిట్లు చాలు. అందుకే హెచ్‌డీఎంఐకి భారమైన దూరం వైఫైకి తేలిక. దానికి అసలు అడ్డు గోడలే. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ కానీ కాంక్రీటు గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది. 2.4 దూరం వెళ్తుంది, అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రద్దీకి చిక్కుకుంటుంది.

అపోహ: స్ప్లిట్టర్ పెట్టాక హాల్లో బొమ్మ నాణ్యత తగ్గితే అది పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు కారణం రెండో టీవీ. టీవీ తన సామర్థ్యాన్ని బాక్సుకు చెబుతుంది. రెండింటిలో ఒకటి పాతదైతే చాలా స్ప్లిట్టర్లు దానికి తగ్గ బొమ్మనే రెండింటికీ పంపుతాయి.

ఇల్లు కట్టుకుంటున్నవారికి ఒక విన్నపం. గోడలకు గాడులు కొట్టేటప్పుడే టీవీ పెట్టే ప్రతి గదికీ హాలు నుంచి విడి పైపు వేయించి, రెండు క్యాట్6 వైర్లు, ఒక కోయాక్సియల్ లాగించండి. కరెంటు వైర్లున్న పైపులో వాటిని కలపనివ్వకండి. ఇల్లు కట్టేసి ఉంటే దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో అందరినీ ఒక్క ప్రశ్న అడగండి: రెండు గదుల్లో ఒకే కార్యక్రమం చాలా, వేర్వేరు కావాలా? ఒకటే చాలంటే కావాల్సింది దారి, వేర్వేరంటే కావాల్సింది మరో బాక్సు.