బండి వచ్చింది... ఎక్కేదెప్పుడు?

"బిడ్డా, రైలొచ్చిందని టీవీల చూపెడ్తున్నరు గదా! మరి మనల్నెందుకు ఎక్కనిస్తలేరు?"

2022 జూన్ చివరలో మా అమ్మ సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. గజ్వేల్‌కు మొదటిసారి ఎరువుల బస్తాలతో గూడ్సు బండి వచ్చిన రోజది. ఎక్కడి గజ్వేల్, ఎక్కడి సిరిసిల్ల అనుకుంటున్నారా? మేడ్చల్ అవతలి మనోహరాబాద్ దగ్గర మొదలయ్యే ఆ లైను గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడల మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి చేరాలి. మొత్తం 151 కిలోమీటర్లు. అందుకే గజ్వేల్‌లో బండి కూత పెడితే సిరిసిల్లలో మా అమ్మకు వినిపిస్తుంది!

అమ్మకు మోకాళ్ల నొప్పులు. కోరుట్లలో ఉన్న నా దగ్గరికి రావాలంటే వేములవాడలో బస్సు మారాలి. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు ఒకరు పైనుంచి చెయ్యి పట్టి లాగాలి, ఇంకొకరు కిందినుంచి ఆసరా ఇవ్వాలి. ప్రయాణం ఉందంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. ఎందుకో ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు కదా! రైలైతే కాళ్లు చాపుకోవచ్చు, లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఆమె రైలు కోరిక అంతకుమించి పెద్దదేమీ కాదు.

ఆ రోజు ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. మనోహరాబాద్ నుంచి గజ్వేల్ దాకా పట్టాలు 2020 నాటికే పడ్డాయి. రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి తనిఖీ చేసిందీ ఆ ఏడు జూన్‌లోనే. కరోనా వల్ల అప్పట్లో దేశమంతటా ప్రయాణికుల బళ్లు ఆగిపోయాయి, కాదనను. కానీ ఆ తరువాత? ఎరువులు ఎక్కిన పట్టాల మీద మనుషులు ఎక్కడానికి 2023 అక్టోబర్ 3 దాకా ఆగాల్సి వచ్చింది. సిద్దిపేట–సికింద్రాబాద్ రైలు మొదలైంది ఆ రోజే.

ఎదురుచూపు మాకు కొత్తేమీ కాదు

మా జిల్లాలవాళ్లకు రైలు కోసం ఎదురుచూడటం పుట్టుకతో వచ్చిన అలవాటు. పెద్దపల్లి–నిజామాబాద్ లైను మంజూరైంది 1993-94లో. అప్పుడు నేను రెండో తరగతి. అది జగిత్యాల చేరేసరికి, అంటే 2007 నాటికి, నా డిగ్రీ అయిపోవచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి దాటుకుని నిజామాబాద్ దాకా పూర్తయ్యేసరికి 2017 మార్చి వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయి, నా కూతురు బడికి పోతోంది! దాదాపు 178 కిలోమీటర్ల దారికి ఒక ఆడపిల్ల బాల్యం, చదువు, పెళ్లి, పురుడు అన్నీ సరిపోయాయి.

అయితే పట్టాలు పడక ఆలస్యం కావడం ఒక సంగతి. భూములు కావాలి, వంతెనలు కట్టాలి, డబ్బు రావాలి. అన్నీ సిద్ధమై, బండి కళ్లెదుట నిలబడి ఉండి కూడా ఎక్కలేకపోవడం మరో సంగతి. మనసును ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండోదే.

బొంబాయి చెల్లెలి చల్లబండి

మా చిన్నమ్మ కూతురు బొంబాయిలో ఉంటుంది. దాని మామగారు మిల్లు పనికని సిరిసిల్ల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇది బోరీవలిలో లోకల్ ఎక్కి చర్చ్‌గేట్ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాసే పనికి పోతుంది. 2016 ఏప్రిల్‌లో సంబరంగా ఫోన్ చేసింది. "అక్కా, మాకు ఏసీ లోకల్ వచ్చిందే! తలుపులు వాటంతటవే పడతయట. ఇంక తలుపు కాడ వేలాడే బాధ లేదు!"

మద్రాసు పెరంబూరులోని కోచ్ ఫ్యాక్టరీలో తయారైన ఆ పన్నెండు పెట్టెల బండి బొంబాయి చేరిన మాట నిజం. చెల్లెలు దాన్ని ఎక్కింది మాత్రం 2017 డిసెంబర్ 25 తరువాతే! ఇరవై నెలలు! మధ్యలో ఏమైంది? ముందు సెంట్రల్ రైల్వేకు అనుకున్నారు. తీరా చూస్తే ఆ దారిలోని పాతకాలపు వంతెనల కింద నుంచి పోవడానికి బండి ఎత్తు ఎక్కువైంది. దాంతో వెస్టర్న్ రైల్వేకు మార్చారు. ఆ తరువాత పరీక్షలు, అనుమతులు. పందిరి గుంజలు కొలవకుండా పల్లకి చేయించినట్టు కాలేదూ?

బండి వచ్చాక చెల్లెలికి మరో చిక్కు. టికెట్ ధర చూసి మళ్లీ పాత లోకల్లోనే ఎక్కింది. 2022 మేలో ఒక్క ప్రయాణం టికెట్ ధరను సగానికి తగ్గించాక గానీ, ఒంట్లో బాగోలేని రోజైనా ఆ బండి ఎక్కే ధైర్యం చేయలేదు. బండి పట్టాలెక్కితే సరిపోదు, మన పర్సుకు కూడా అందాలి.

మెతుకు పట్టి చూడాల్సిందే

మరి కొత్త బండి రాగానే ఎందుకు నడపరు? ఈ ప్రశ్న వెంట పడి కొంత తెలుసుకున్నాను. తెలుసుకున్నాక నా కోపం సగం తగ్గింది.

కొత్త రకం బండిని లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ పరీక్షించాలి. మనుషుల బరువుకు బదులు ఇసుక బస్తాలు నింపి పరుగెత్తిస్తారు. వేగంలో ఉన్నప్పుడు ఒక్కసారిగా బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది? మలుపుల్లో ఎంత ఊగుతుంది? బండిలోని కరెంటు యంత్రాలు పక్కనున్న సిగ్నళ్లను తికమక పెడతాయా? ప్లాట్‌ఫాంకూ మెట్టుకూ మధ్య సందు ఎంత? ఇవన్నీ చూడాలి. నడిపేవాళ్లకు తర్ఫీదు ఇవ్వాలి. చివరికి భద్రతా కమిషనర్ సరేననాలి. ఈ కమిషనర్ రైల్వే శాఖ కింద పనిచేయరు, విమానయాన శాఖ కింద ఉంటారు. వండినవాళ్లే రుచి చూసి బాగుందంటే కుదరదని ఆ ఏర్పాటు.

అన్నం ఉడికిందో లేదో మనం మెతుకు పట్టి చూడమూ? అలాంటిదే ఇదీ. ఆ పరీక్షలకు పట్టే కాలాన్ని తొందరపెట్టకూడదు. అందులో ఎక్కేది మన పిల్లలు. రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు, క్షేమంగా ఇంటికి చేరాలి.

లండన్‌లో ఎలిజబెత్ లైను 2018 డిసెంబర్‌లో మొదలు కావాల్సింది. బళ్లకూ సిగ్నళ్లకూ పొత్తు కుదరకపోవడం, స్టేషన్ల పని పూర్తి కాకపోవడం వంటి కారణాలతో 2022 మే 24 దాకా ఆగింది. అంత డబ్బూ, అంత అనుభవం ఉన్నవాళ్లకే తప్పలేదు.

విస్తరి ముందు కూర్చోబెట్టి...

అయితే అన్నం ఉడికాక కూడా వడ్డించకపోతే? పంక్తిలో పిల్లలు ఆకలితో కూర్చుని ఉంటే, పెద్దమనిషి వచ్చి మొదటి ముద్ద ముట్టేదాకా ఎవరూ తినొద్దంటే? అది పరీక్ష కాదు, మర్యాద. మర్యాద కోసం పిల్లల్ని మాడ్చడం ఏ ఇంటి ఆడదీ చేయదు.

ఫలానా బండి జెండా ఊపేవారి కోసమే ఆగిందని నేను అనడం లేదు. కానీ ఆగినప్పుడు ఎందుకు ఆగిందో చెప్పకపోతే జనానికి ఆ అనుమానమే వస్తుంది. హైదరాబాద్ ఎమ్ఎమ్‌టీఎస్ సంగతే చూడండి. తొలి దశ 2003 ఆగస్టులో మొదలైంది. రెండో దశ మంజూరైంది 2012-13లో. మేడ్చల్ వైపూ, ఉందానగర్ వైపూ బళ్లు నడిచింది 2023 ఏప్రిల్ 8 నుంచి. మౌలాలి–సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ బండి కదిలింది 2024 మార్చి 5న.

ఇందులో మనకేముంది అంటారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఆడపిల్లలు ఎందరో మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు కాలేజీల్లోనే ఉన్నారు. మా ఆడబిడ్డ కూతురు మేడ్చల్ దగ్గర ఇంజినీరింగ్ చదివింది. పట్టాలు ఉన్నాయి, ఎక్కేందుకు లోకల్ లేదు. సాయంత్రం ల్యాబు అయ్యాక షేర్ ఆటోలో ముగ్గురి సీటులో ఐదుగురు. చీకటి పడితే మా ఆడబిడ్డ ఇక్కడ అన్నం ముందు కూర్చుని ఫోన్ వంకే చూసేది. "వదినా, ఇంకా హాస్టల్‌కు రాలేదట" అనేది. లోకల్ బండి మొదలయ్యేసరికి ఆ పిల్ల చదువు అయిపోయింది. ఆలస్యమంటే క్యాలెండర్‌లో నెలలు కావు. తల్లి గొంతు దిగని ముద్దలు.

మనం ఏం అడగాలి?

పెద్ద కోరికలేం వద్దు. నాలుగే మాటలు.

బండి లేదా లైను సిద్ధమైన రోజు నుంచి ఏ పరీక్ష అయింది, ఏది మిగిలింది, ఎప్పటికి అవుతుందన్న వివరం స్టేషన్ గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. ఆస్పత్రిలో లోపలున్న మనిషి సంగతి బయటున్నవాళ్లకు చెప్పరూ? అలాగే.

అన్ని అనుమతులూ వచ్చాక ఇన్ని రోజుల్లోపల జనాన్ని ఎక్కించాలని ఒక గడువు ఉండాలి. పూలదండలు, ఫోటోలు, ఉపన్యాసాలు తరువాత పెట్టుకున్నా ఎవరూ వద్దనరు.

వేళలు మనల్ని అడిగి పెట్టాలి. కాలేజీ విడిచే సమయం, బీడీల కార్ఖానా సమయం, దవాఖానలో చీటీ ఇచ్చే సమయం తెలిసినవాళ్లు పెడితేనే టైం టేబుల్ పనికొస్తుంది. 1992 మే 5న బొంబాయిలో ఆడవాళ్ల కోసమే ఒక లోకల్ బండి నడిపారు. ఆఫీసు వేళల్లో ఆడవాళ్ల తొక్కిసలాట చూశాకే కదా!

నాలుగోది, టికెట్ ధర ముందే చెప్పాలి. మా చెల్లెలిలా ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ప్లాట్‌ఫాం మీదే నిలబడిపోకూడదు.

ఈ మాటలు ఒక్కరం అడిగితే గొణుగుడు. మహిళా సంఘాల్లో నెలకోసారి పొదుపు డబ్బు కట్టేటప్పుడు ఒక కాగితం రాసి, అందరం సంతకాలు పెట్టి పంపితే అది అర్జీ.

సిద్దిపేటకు రైలు వచ్చిన ఆ అక్టోబర్ రోజున సిరిసిల్లకు ఇంకా పట్టాలే లేవు. అమ్మ టీవీ ముందు కూర్చుని రంగు కాగితాలు కట్టిన ఇంజను కేసి చాలాసేపు చూసింది. "మంచిగున్నది బిడ్డా" అంది. కాసేపాగి మళ్లీ తనే, "మన ఊరికొచ్చినంక గూడ గిట్లనే చూడుమంటరా, ఎక్కుమంటరా?" అని అడిగింది.

జవాబు నేను చెప్పగలిగేది కాదు. కానీ ఆ ప్రశ్నను అమ్మ ఒక్కదాని దగ్గరే ఉంచకుండా, నలుగురి నోటా పలికించడం మాత్రం మన చేతిలోనే ఉంది.