స్కూటరు ప్లగ్గూ, సైలెన్సరూ



కుట్టుమిషను మొరాయిస్తే సూది మనమే మారుస్తాం. బాబిన్‌లో చిక్కిన దారం లాగేసి రెండు చుక్కలు నూనె వేస్తాం. కుక్కరు గాస్కెట్టు సాగిపోతే కొత్తది తెచ్చి బిగిస్తాం. వీటికి ఎవరినీ పిలవం. కాని పిల్లల్ని బడికి, మనల్ని బ్యాంకుకీ ఆస్పత్రికీ మోసుకెళ్ళే స్కూటరు పొద్దున్నే స్టార్టు కాకపోతే మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాం. ఆయన గారు వచ్చి చూడాలి, లేదా మెకానిక్కుకు కబురు వెళ్ళాలి. అందుకే ఈ పూట బండిలోని రెండు భాగాల గురించి చెబుతాను. ఒకటి ప్లగ్గు, రెండోది సైలెన్సరు. పొయ్యి భాషలో చెప్పాలంటే ఒకటి అగ్గిపుల్ల, రెండోది పొగగొట్టం. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఒకటి చెడితే రెండోదాన్ని చెడగొడుతుంది. ఆ సంగతి తెలియక, వందల్లో తేలిపోయే ఖర్చును వేలకు తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇది మగవాళ్ళ పని కదా అంటారేమో. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయనతో చెప్పకుండానే మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వకు కరెంటు తెచ్చే తీగ ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల కొట్టులో కొంది. మోటారు బండిలో అంత దూరం ప్రయాణం చేసిన మొదటి మనిషీ ఆమే, దారిలో రిపేరు చేసుకున్న మొదటి మనిషీ ఆమే.

ఇక ప్లగ్గు సంగతి. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం ఇంజను లోపల ఇరుకు గదిలోకి వచ్చి నొక్కుకుని ఉంటుంది. దానికి నిప్పంటించాలి. ప్లగ్గు కొసన రెండు లోహపు మొనలు, వాటి మధ్య మిల్లీమీటరు కన్నా తక్కువ సందు ఉంటాయి. పదివేల వోల్టుల పైబడిన కరెంటు ఆ సందును దూకుతుంది. అదే రవ్వ. మన ఊరి రవ్వలకొండ పేరులో ఉన్న రవ్వే అనుకోండి, గుర్తుంటుంది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతుంటే, ఈనాటి నాలుగు స్ట్రోకుల స్కూటరులో కనీసం రెండు వేల సార్లు రవ్వ పుట్టాలి. పాత లూనాలు, చేతక్‌ల వంటి రెండు స్ట్రోకుల బండ్లలో చుట్టుకొక రవ్వ. ఇంత పని చేసే వస్తువు అరగకుండా ఎట్లా ఉంటుంది? మొనలు అరిగి సందు పెరుగుతుంది. రవ్వ దూకలేక దూకలేక దూకుతుంది. కిక్కు మీద కిక్కు, ఎత్తు ఎక్కేటప్పుడు ఎగశ్వాస, పెట్రోలు ఖర్చు – ఇవే గుర్తులు. అయితే తొందరపడి ప్లగ్గు మీద నేరం మోపకండి. ట్యాంకులో పెట్రోలు ఉందా, కొత్త బండ్లలో సైడు స్టాండు వేసి ఉంటే ఇంజను అంటుకోదు కాబట్టి స్టాండు తీశారా, ముందు అవి చూడండి.

ప్లగ్గు విప్పడానికి ఇంజను పూర్తిగా చల్లారాలి. సైలెన్సరు కాలితే పిక్క మీద బొబ్బ లేస్తుందని అందరికీ తెలుసు. కాని చల్లారమనేది అందుకొక్కదానికే కాదు. ప్లగ్గు బిగించే భాగం అల్యూమినియం. అది వేడి మీద మెత్తగా ఉంటుంది. అప్పుడు విప్పితే మరలు చీరుకుపోతాయి. అట్లా పోతే ఆ పని ఇక లేతు మిషను వాళ్ళదే. రాత్రి నిలిపిన బండిని పొద్దున్నే విప్పుకోవడం మేలు.

తర్వాతి మాట ప్రత్యేకంగా మన బనగానపల్లె చుట్టుపక్కల వాళ్ళకు. బయటి ఊళ్ళవాళ్ళకు మన పేరు చెబితే మామిడిపండే గుర్తొస్తుంది. మనకు మాత్రం గనులూ, నాపబండల పాలిషు ఫ్యాక్టరీలూ, వాటి తెల్లటి దుమ్మూ. ఆ దుమ్ము ప్లగ్గు మొదట్లోని గుంటలో పేరుకుంటుంది. అది రాతిపొడి. ప్లగ్గు విప్పగానే నేరుగా ఇంజనులోకి జారితే లోపలి గోడలను గీకేస్తుంది. కాబట్టి ముందు రబ్బరు మూతను మెల్లగా తిప్పుతూ పైకి లాగండి, తీగను పట్టుకుని గుంజకండి. సైకిలు పంపుతో ఆ గుంటలోకి నాలుగు సార్లు గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ప్లగ్గు పానా పెట్టండి. ప్లగ్గు రాగానే ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయండి.

పానా కూడా అన్నిటికీ ఒకటి కాదు. 14 మిల్లీమీటర్ల మర ఉన్న పాత ప్లగ్గులకు 21 పానా, ఇప్పటి స్కూటర్లలో ఎక్కువగా వచ్చే 10 మిల్లీమీటర్ల మర ప్లగ్గులకు 16 పానా పడుతుంది.

చేతికొచ్చిన ప్లగ్గును వెలుతురులో పెట్టి కొస రంగు చూడండి. నాలుక చూసి జబ్బు చెప్పే వైద్యుడి పని ఇది. కాల్చిన బిస్కెట్టు రంగులో, పొడిగా ఉంటే ఇంజను ఆరోగ్యం బాగుంది. పొడి పొడి మసి పట్టి పొయ్యి అడుగులాగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మన ఊళ్ళో దీనికి మొదటి కారణం దుమ్ముతో పూడిన గాలి ఫిల్టరే. ఫిల్టరు మార్చకుండా కొత్త ప్లగ్గు వేస్తే అదీ నెల తిరక్కుండా నల్లబడుతుంది. జిడ్డుగా, తడిగా నల్లగా ఉంటే ఇంజను ఆయిలు లోపలి గదిలోకి చేరుతోందన్నమాట. అది మెకానిక్కుకు చూపించవలసిన జబ్బు, ప్లగ్గుతో పోయేది కాదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే ఇంజను మితిమీరి వేడెక్కుతోంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన రంగు ఇదే. ఈ నాలుగు రంగులు తెలిసిన మనిషి మెకానిక్కు షెడ్డులో "ఏదో చెయ్ నాయనా" అని నిలబడదు. ఏం చేయాలో తానే అడుగుతుంది.

కొత్త ప్లగ్గు కొనేటప్పుడు పాతదాన్ని కొట్టుకు తీసుకుపోండి. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న అక్షరాలూ అంకెలూ దాని మీద ఉన్నవాటితో సరిపోవాలి. మర ఒకటే కదా అని ఏదో ఒకటి వేయకూడదు. వేడిని త్వరగా వదిలే ప్లగ్గులు కొన్ని, నిలుపుకునేవి కొన్ని. ఆ తేడాను అంకెలో చెబుతారు. ఒక కంపెనీ లెక్కలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు, ఇంకొక కంపెనీ లెక్కలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. కొట్టువాడికీ ఈ సంగతి తెలియకపోవచ్చు. మొనల మధ్య సందు ఎంతుండాలో కూడా పుస్తకంలోనే ఉంటుంది. ఫీలర్ గేజి రేకుతో కొలుచుకోవాలి. సన్నటి సూదిలాంటి మొన ఉన్న ఇరిడియం ప్లగ్గులైతే మొనను వంచడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం వంటివి చేయకండి.

బిగించేటప్పుడు పానా ముట్టవద్దు. ముందు వేళ్ళతోనే తిప్పండి. సజావుగా దిగితే మర సరిగ్గా కూర్చున్నట్టు. రెండో చుట్టుకే బిగుసుకుంటే మర పెడగా పడినట్టు, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. అడుగు తగిలాక కొత్త ప్లగ్గుకు పానాతో అర చుట్టు చాలు, దాని వాషరు నలిగి కూర్చుంటుంది. విప్పిన పాత ప్లగ్గునే మళ్ళీ వేస్తుంటే గడియారంలో పన్నెండు నుంచి ఒంటిగంటకు ముల్లు జరిగేంత చాలు. బలమంతా ఉపయోగించడం పప్పు రుబ్బేటప్పుడు మంచిదే కాని ఇక్కడ కాదు. ఇంకో జాగ్రత్త – ప్లగ్గును బయట వేలాడదీసి కిక్కు కొట్టి రవ్వ చూడడం పాత మెకానిక్కుల అలవాటు. షాకు కొడుతుంది, పక్కన పెట్రోలు ఆవిరి ఉంటే మంట లేస్తుంది. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.

ఇప్పుడు సైలెన్సరు. ఇప్పటి బండ్ల సైలెన్సరు లోపల తేనెపట్టు లాంటి చిన్న చిన్న గదుల దిమ్మ ఒకటి ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. విషపు పొగను అది చాలావరకు విరిచి తక్కువ హాని చేసేదిగా మారుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో పొగను కొలిచే సెన్సారు కూడా తోడయింది. చుట్టరికం ఇక్కడే బయటపడుతుంది. ప్లగ్గు రవ్వ తప్పిన ప్రతిసారీ కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోతుంది, ఆ దిమ్మ మీద అంటుకుంటుంది. దిమ్మ ఎర్రగా కాలి కరిగి పూడిపోతుంది. పొగకు దారి లేక బండి ఇంకా ఈడుస్తుంది. ప్లగ్గు ఖరీదు చూసి వెనకాడితే సైలెన్సరు మొత్తం కొనాల్సి వస్తుంది. పాత రెండు స్ట్రోకుల బండ్ల సైలెన్సర్లను మంటలో కాల్చి మసి రాల్చేవారు, కాస్టిక్ సోడా పోసి కడిగేవారు. ఇప్పటి వాటికి ఆ వైద్యం చేస్తే దిమ్మ పాడవుతుంది. కాస్టిక్ సోడా కంట్లో పడితే చూపే పోతుంది.

సైలెన్సరు పైన మెరుస్తూ అడుగున తుప్పు పట్టి చిల్లులు పడడం చూస్తుంటాం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీళ్ళు పుడతాయి. నమ్మబుద్ధి కాదు గాని నిజం. దూరం పోయే బండిలో ఆ నీరు ఆవిరై పోతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల అంగడికి తిరిగే మన బండ్లలో గొట్టం పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. నీరు లోపలే నిలిచి ఇనుమును తింటుంది. వారానికొకసారైనా నంద్యాల వైపో, యాగంటి వైపో బండిని కాసేపు ఆగకుండా తోలితే అది ఆరుతుంది. మొక్కు కూడా తీరుతుంది!

సైలెన్సరు మార్చుకోవలసి వస్తే ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే నూనె గాని, కాస్త కిరసనాయిలు గాని వేసి ఉంచండి. మొండిగా తిప్పితే బోల్టు ఇంజనులోనే విరుగుతుంది. రాకపోతే వదిలేసి మెకానిక్కుకు అప్పగించండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఊడదీసినప్పుడు ఇంజను దగ్గరి గాస్కెట్టు రింగు కొత్తది వేయాలి, నలిగిన పాతది మళ్ళీ పట్టదు. పెట్టేటప్పుడు అన్ని నట్లనూ చేత్తో వదులుగా ఎక్కించి, ఇంజను దగ్గరివి ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించి, పక్క బోల్టులు చివరకు బిగించాలి. పక్కవి ముందే బిగిస్తే గొట్టం వంకరగా కూర్చుని సందు పడుతుంది. స్టార్టు చేస్తే ఫట్ ఫట్‌మనే చప్పుడు, అతుకు చుట్టూ నల్లటి మసి గీత – పొగ కారుతోందనడానికి గుర్తులు.

ఆ కారే పొగ చిన్న విషయం కాదు. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత లేవలేకపోవడం. రాత్రిపూట బండిని పడసాలలోకి ఎక్కించుకునే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. అది తప్పుకాదు. పొద్దున్నే తలుపులు మూసి ఉండగానే, పిల్లలు ఇంకా పడుకుని ఉండగానే, వేడెక్కనీలే అని లోపలే స్టార్టు చేసి వదలడం తప్పు. బయటికి తోసి వాకిట్లో స్టార్టు చేయండి.

కుర్రవాళ్ళు చప్పుడు కోసం సైలెన్సరులోని తెరలు ఊడబెరికిస్తుంటారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత చప్పుడు, పొగ నిబంధనలు మీరితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్ష కూడా ఉన్నాయి. ఇంట్లో కొడుకుంటే ఈ మాట చెవిన వేయండి. లక్షలు పోసి కొనే స్పోర్ట్సు కార్లలోనూ ఈ ప్లగ్గు, ఈ సైలెన్సరే ఉంటాయి. పోర్షే 911లో ఇంజను వెనక వైపు ఉంటుంది, ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు పక్కలా పడుకుని ఉంటాయి. 1989లో వచ్చిన రకంలో సిలిండరుకు రెండేసి, మొత్తం 12 ప్లగ్గులు. వాటిని ఇంటి షెడ్డులో, కారు కింద పడుకుని మార్చుకునేవాళ్ళు అమెరికాలో, యూరపులో ఉన్నారు. మన స్కూటరుకు ఒక్కటే.

కొత్త ప్లగ్గు వేశాక, పాతది రంగు బాగుండి మొన మరీ అరగకపోతే పారేయకండి. పానాతో పాటు గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. మెకానిక్కు షెడ్డు లేని దారిలో బండి ఆగితే ఇంటిదాకా అది చాలు.