వేడెక్కుతున్న ఆర్కిటిక్ సముద్రం - ధ్రువ కాడ్ చేప భవితవ్యం

ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుండి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతున్నది. వేసవి చివర మిగిలే సముద్రపు మంచు విస్తీర్ణం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్నది. ఈ మార్పు వలన తీవ్రంగా నష్టపోతున్న చేపలలో ధ్రువ కాడ్ ముఖ్యమైనది.

మంచు కింద జీవనం: సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. సాధారణ చేపల రక్తం మైనస్ 1 డిగ్రీకి చేరకముందే గడ్డకట్టగలదు. ధ్రువ కాడ్ రక్తంలోని ప్రత్యేక మాంసకృత్తులు సూక్ష్మ మంచు స్ఫటికాలకు అంటుకొని, అవి పెరగకుండా నిరోధిస్తాయి. ఈ చేప శీతకాలంలో గుడ్లు పెడుతుంది. గుడ్లు పైకి తేలి మంచు పొర అడుగున పొదగబడతాయి. మంచును ఆశ్రయించిన శైవలాలను జంతు ప్లవకాలు, ప్లవకాలను ధ్రువ కాడ్, ధ్రువ కాడ్‌ను సీల్‌లు, తిమింగలాలు, సముద్ర పక్షులు ఆహారంగా తీసుకుంటాయి. అందువలన ఈ ఒక్క చేప తగ్గితే ఆహారపు గొలుసంతా బలహీనపడుతుంది.

గుడ్డు దశలోనే నష్టం: ఎదిగిన చేప కొంత వేడిని తట్టుకోగలదు, గుడ్డు తట్టుకోలేదు. హేచరీలు నడిపే మన రైతులకు ఇది తెలిసిన విషయమే. ధ్రువ కాడ్ గుడ్లకు సున్నాకు దగ్గరగా ఉండే చల్లని నీరే అనుకూలం. నీరు వేడెక్కినకొద్దీ పిండానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, కాని దానిని గ్రహించే అవయవాలు అప్పటికి ఏర్పడి ఉండవు. బొగ్గుపులుసు వాయువు వలన నీటి ఆమ్లత్వం పెరిగితే నష్టం మరింత ఎక్కువవుతుంది.

దక్షిణాది చేపల రాక: నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో 2004-2012 మధ్య జరిపిన సర్వేలలో అట్లాంటిక్ కాడ్, హాడక్ వంటి చేపలు ఉత్తరానికి విస్తరించగా, ఆర్కిటిక్ జాతులు వెనుకకు తగ్గినట్లు తేలింది. వచ్చిన చేపలు స్థానిక జాతులతో ఆహారానికి పోటీపడటమే కాక వాటిని తింటాయి కూడా. ఖండతీరపు అంచు దాటితే లోతైన సముద్రమే కనుక, అడుగున బ్రతికే స్థానిక చేపలు ఇంకా ఉత్తరానికి పోలేవు.

ముందు జాగ్రత్త: మధ్య ఆర్కిటిక్ అంతర్జాతీయ జలాలలో 16 సంవత్సరాలపాటు వాణిజ్య చేపల వేటను ఆపుతూ తొమ్మిది దేశాలు, ఐరోపా సమాఖ్య 2018లో చేసుకున్న ఒప్పందం 2021లో అమలులోకి వచ్చింది. వేట మొదలు కాకముందే సంయమనం పాటించడం హర్షణీయం. అయితే ఒప్పందం వలలను ఆపగలదు గాని వేడిని ఆపలేదు. కర్బన ఉద్గారాలు తగ్గితేనే ధ్రువ కాడ్‌కు గుడ్లు పెట్టేందుకు చల్లని నీరు మిగులుతుంది.