కంట్లో నలుసు, చేతిలో పసరు: అపోహలు – వాస్తవాలు

కంట్లో వడ్లపొట్టు పడినా, ఆకు అంచు గీసుకున్నా వెంటనే చనుబాలు గాని, నందివర్ధనం పూల రసం గాని, ఏదో ఒక ఆకు పసరు గాని పిండితే మంట చల్లారి గాయం మానిపోతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో నేటికీ బలంగా ఉంది. కంటిని గురించిన అపోహలు ఎన్ని ఉన్నా, ఒక్క వారంలో చూపును పోగొట్టగల శక్తి దీనికి ఉంది కనుక ముందుగా దీని సంగతే తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ నమ్మకం ఇంతకాలం నిలవడానికి కారణం కంటి నిర్మాణంలోనే కనిపిస్తుంది. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మధ్యభాగంలో దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దీని పైపైన పడిన చిన్న గీతను చుట్టుపక్కల కణాలు జరిగి వచ్చి కప్పేస్తాయి కాబట్టి, క్రిములు చేరకపోతే అటువంటి గాయం ఒకటి నుంచి మూడు రోజుల్లో తనంతట తానే మానుతుంది. ఆ మూడు రోజుల్లో ఎవరు ఏ పసరు పిండి ఉంటే, కన్ను చేసుకున్న పనికి ఆ పసరుకే పేరు దక్కుతుంది. మానని కన్ను మాత్రం పట్నం ఆసుపత్రికి చేరుతుంది గనుక, ఆ కంటికి పసరు చేసిన నష్టం ఊరి లెక్కలోకి రాదు.

క్రిములు చేరితే జరిగేది వేరు. పొట్టు, గడ్డి, ఆకులు, మట్టి వీటన్నిటి మీదా ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజు జాతులు సహజంగానే ఉంటాయి. గీత పడిన చోటు నుంచి అవి లోపలికి దిగితే కార్నియా పుండు ఏర్పడుతుంది. అరచేతిలో నలిపి, గుడ్డలో వడగట్టి పోసే పసరు అదే మట్టిని, అదే బూజును రెండోసారి నేరుగా గాయంలోకి పంపుతుంది. చనుబాలు బిడ్డకు ఎంత మేలు చేసినా, గాయపడిన కంటికి అవి శుభ్రపరిచిన మందు కావు. బూజు పుండుకు వాడే నాటమైసిన్ చుక్కలు కార్నియా లోతుల్లోకి సరిగా ఇంకవు. అందుకే ఆలస్యమైన కొద్దీ వైద్యం వారాలు, నెలలు సాగుతుంది. పుండు మానినా మచ్చ మిగిలి, ఊళ్లో 'కంట్లో పువ్వు వేసింది' అనే స్థితి వస్తుంది. అది నల్లగుడ్డు నడుమ పడితే చూపు పోయినట్టే. కార్నియా మార్పిడి ఉంది కదా అన్న ధైర్యమూ చెల్లదు, ఎందుకంటే క్రిములతో ఉన్న కంటికి చేసే మార్పిడి నిలిచే అవకాశం తక్కువ.

పసరుతో తగ్గనివారు తరువాత వెళ్లేది మెడికల్ షాపుకు. అక్కడ చీటీ లేకుండా దొరికే చుక్కల్లో స్టిరాయిడ్, అంటే వాపును అణిచే మందు, కలిసి ఉంటే ఎరుపు, నొప్పి తగ్గినట్టు అనిపిస్తాయి గాని, కంటి రక్షణ శక్తి తగ్గిన ఆ రోజుల్లోనే బూజు లోపల విస్తరిస్తుంది. డాక్టరు చూడకుండా ఇటువంటి చుక్కలు చేతికివ్వడాన్ని సాయమని ఎవరూ అనుకోకూడదు, అది అపకారమే.

నాలుకతోనో, చీరకొంగుతోనో నలుసు తీయడం కూడా ఇంతే ప్రమాదకరం. ఇక మిగతా అపోహల సంగతికి వస్తే, కండ్లకలక చూపుల వల్ల అంటదు, చేతుల వల్ల, తువ్వాళ్ల వల్ల అంటుతుంది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు మరింత తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదు. ఆముదం విషయంలో మాత్రం ఒక మాట ఒప్పుకోక తప్పదు: శుద్ధిచేసిన ఆముదాన్ని కళ్లు పొడిబారినవారికి ఇచ్చే కొన్ని చుక్కల మందుల తయారీలో నిజంగానే వాడుతున్నారు. అయితే ఆ శుద్ధి వంటింటి సీసాలోని ఆముదానికి లేదు. పొడిబారడానికి పనికివచ్చినంత మాత్రాన అది గాయానికి మందు కాదు.

కంటిని కాపాడేది గాయానికీ వైద్యానికీ మధ్య తగ్గించుకున్న వ్యవధి. నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, కార్నియా గీసుకుపోయినవారికి గ్రామ స్థాయి కార్యకర్తలే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ లేపనాన్ని రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు వేశారు. గాయమైన 18 గంటల లోపు వైద్యం మొదలైన 284 మందిలో ఒక్కరికీ పుండు రాలేదు. తెలుగు నేల మీద ఇటువంటి అందుబాటు కొంత ఏర్పడింది. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున విజన్ సెంటర్లను నెలకొల్పే పద్ధతిని రూపొందించింది. కంటి పరీక్ష పెద్ద హంగామా ఏమీ కాదు: ఫ్లోరిసీన్ అనే నారింజరంగు ద్రవాన్ని కంటికి తాకించి నీలికాంతి వేస్తే, మామూలుగా కనిపించని గీత పచ్చగా మెరిసి బయటపడుతుంది. పుండు ఉంటే ఆసుపత్రిలో దాని అంచును సున్నితంగా గీరి సూక్ష్మదర్శిని కింద పెడతారు, బూజు పోగులు చాలాసార్లు అదే రోజు కనిపిస్తాయి.

కనుక కంట్లో పొట్టు పడితే నలపకుండా, శుభ్రమైన నీటితో కడిగి, నొప్పి గాని ఎరుపు గాని మిగిలితే కూలి పోయినా సరే ఆ రోజే పరీక్షకు వెళ్లాలి. పిల్లల చేతిలో పగిలిన సున్నం పొట్లం కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తేముందే ధారగా అరగంటపాటు కడగాలి. ఆలస్యమైన ప్రతి నిమిషమూ సున్నం లోపలికి దిగుతుంది. ముల్లో, తీగో గుచ్చుకుని కన్ను చీరుకుంటే మాత్రం కడగకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది లాగకూడదు. నూర్పిడి దగ్గర, హార్వెస్టర్ వెనుక పనిచేసేవారికి పక్కలు మూసి ఉండే ప్లాస్టిక్ కళ్లజోడు ఇప్పించడాన్ని రైతు తన బాధ్యతగా ఎంచాలి. అప్పటికే పసరు పోసి ఉన్నా, షాపు చుక్కలు వేసి ఉన్నా ఆ సంగతి దాచకుండా చెప్పి, వాడిన సీసాను వెంట తీసుకువెళ్లాలి. దాన్ని బట్టే డాక్టరు ఏ మందు ఆపాలో, ఏ పరీక్ష ముందు చేయాలో నిర్ణయిస్తారు. చెప్పినవారిని మందలించకుండా వినడం ఆసుపత్రి సిబ్బంది నేర్చుకోవలసిన పని.