దీర్ఘవ్యాధులు – ‘డి’ విటమిను

ఎండకు కొదవలేని దేశమున, ఎండవలన లభింపవలసిన పోషకమునకు కొదవ యేర్పడినదనిన వినువారికి వింతగా దోచును. కాని యిది నిజము. తిరుపతిలో డాక్టరు సి.వి. హరినారాయణగారును వారి సహచరులును జరిపి 2008 లో ప్రకటించిన పరిశోధనయందు, ఆ ప్రాంతపు పల్లెటూరి స్త్రీలలో నూటికి 70 మందికిని, పట్టణస్త్రీలలో నూటికి 75 మందికిని నెత్తుటిలో ‘డి’ విటమిను మిల్లీలీటరునకు 20 నానోగ్రాములకు లోపుగనే యున్నట్లు తేలినది. పొలముగట్లపై తిరుగు ఇల్లాండ్రకే యీ గతి పట్టియుండగా, మన్సూరాబాదు, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములలో అంతస్తుల మేడలయందు కాపురముండు సోదరీమణుల మాట చెప్పనేల? ఒకనాడు చెరువు నానుకొనియున్న పల్లె మన్సూరాబాదు. నేడచ్చట ఒక యింటి నీడ మరియొక యింటి గోడపై బడుచున్నది. ఉన్న చిన్న వసారాకును దుమ్ము రాకుండ అద్దములు బిగించుకొందుము. అద్దము గుండ వెలుతురు వచ్చును, వేడిమి వచ్చును. ‘డి’ విటమినును బుట్టించు అతినీలకిరణములు మాత్రము వెలుపలనే నిలిచిపోవును.

ఇక్కడ మన పెద్దల మాట నొకదానిని కొంచెము సవరింపవలసియున్నది. లేయెండ మేలని వారందురు. చంటిబిడ్డలను ప్రొద్దుటి యెండలో పరుండబెట్టుదురు. లేయెండ హాయియైనదే. కాని ప్రొద్దు వాలియున్నపుడు కిరణములు వాయుమండలములో ఏటవాలుగ చాలదూరము ప్రయాణింపవలసివచ్చుటచే, మనకు గావలసిన కిరణములలో పెక్కుభాగము దారిలోనే హరించిపోవును. మన నీడ మనకంటె పొట్టిగా నున్నవేళ, అనగా మధ్యాహ్నమునకు కొంచెము ముందువెనుకలుగా, చర్మమునందు ‘డి’ విటమిను బాగుగ తయారగును. మన చామనచాయ మేనికి తెల్లవారి మేనికంటె ఎక్కువసేపు పట్టును. మేడమీద వడియములు పెట్టుకొను వేళయే ఇందుకు తగిన వేళ యనవచ్చును. అయినను వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున వృద్ధురాండ్రును, గుండెజబ్బు గలవారును మేడయెక్కవలయునని మేము చెప్పము. లూపస్ అను వ్యాధి గలవారికి ఎండయే శత్రువు. ఎండ సోకినంతనే వారి రోగము విజృంభించును. ఇట్టివారికి గుళికయే శరణ్యము.

గుళికను గూర్చి చెప్పుటకు ముందు, ఈ పదార్థము దేహములో నడచు త్రోవను తెలిసికొనుట యవసరము. చర్మములో బుట్టినదైనను, నోట మ్రింగినదైనను, ‘డి’ విటమిను తనంతట తాను పనిచేయదు. మొదట కాలేయమునకు బోయి యొక మార్పు చెందును. వైద్యులు నెత్తురుతీసి కొలుచునది ఈ మారిన రూపమునే. పిమ్మట మూత్రపిండములలో రెండవ మార్పు చెంది, అప్పుడు ప్రేవులనుండి కాల్షియమును, అనగా ఎముకలకు బలమిచ్చు సున్నపుధాతువును, నెత్తుటిలోనికి లాగుకొను శక్తి సంపాదించును. కనుక కాలేయమో, మూత్రపిండములో చెడినవారి సంగతి వేరు. మూత్రపిండముల వ్యాధి ముదిరినవారు సామాన్యపు గుళిక నెంత మ్రింగినను అది పూర్తిగా పనికివచ్చు రూపము చెందజాలదు. వారికి వైద్యులు కాల్సిట్రియాల్ వంటి సిద్ధరూపమునే యిత్తురు. అది తీవ్రమైన మందు. నెత్తుటిలో కాల్షియమును, భాస్వరమును తరచు పరీక్షించుచు వాడవలసినది. పొరుగింటివారి చీటీ చూచి తెచ్చుకొనదగినది కాదు.

ఒక యిల్లాలిని ఊహింతము. ఏబదియేండ్లు దాటినవి. ప్రొద్దుట లేవగానే థైరాయిడు మాత్ర, భోజనమునకు ముందు మధుమేహపు మాత్ర, రాత్రి రక్తపుపోటు మాత్ర. మోకాళ్లు నొప్పి. నేలపై కూర్చుండి లేవవలెనన్న చేయూత కావలయును. నీళ్లపంపు దగ్గర నెవరో చెప్పినమీదట మందులదుకాణమునకు బోయి అరువదివేల గుళికల పెట్టె తెచ్చుకొన్నది. ఈమె చేసినది తప్పా, ఒప్పా?

నొప్పికి ‘డి’ విటమిను లోపమే కారణము కావచ్చును. ఎముకలు మెత్తబడి, తొడలలో బలముడిగి, నడక ఊగులాడుట ఆ లోపమునకు లక్షణములే. కావున పరీక్ష చేయించుకొనుట యుక్తము. ఆరోగ్యవంతులందరును ఊరక ఈ పరీక్ష చేయించుకొననక్కరలేదని 2024 లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీవారు సలహా యిచ్చినమాట నిజమే గాని, ఎముకనొప్పియు, దీర్ఘవ్యాధియు గలవారు ఆ లెక్కలోనివారు కారు.

పెట్టెపై నున్న అంకెను చూడుడు. 60,000 యూనిట్లు. మన తార్నాకలోని జాతీయ పోషకాహారసంస్థవారు 2020 లో నిర్ణయించిన ప్రకారము వయసువచ్చినవారికి దినమునకు కావలసినది 600 యూనిట్లు. అనగా ఒక్క గుళికలో నూరుదినముల గ్రాసమున్నది! లోపము గలవారికి సాధారణముగా వారమున కొకటి చొప్పున ఎనిమిది వారములు, తరువాత నెలకొకటి చొప్పున వైద్యులు వ్రాయుదురు. ‘వారమునకు’ అను మాట చెవిని బడక, తక్కిన మాత్రలతోపాటు దినమున కొకటి మ్రింగిన ప్రమాదము. బి, సి విటమినులు మిగిలిన మూత్రములో పోవును. ‘డి’ క్రొవ్వులో కరగునది, దేహములో నిలువచేరును. మితిమీరినచో నెత్తుటిలో కాల్షియము పెరిగి, తీరని దాహము, మాటిమాటికి మూత్రము, వాంతి, మలబద్ధము, మనస్సు తికమకపడుట కలుగును. మూత్రపిండములకు చేటు వచ్చును. మధుమేహము గల యింటిలో ఈ దాహమును చక్కెర పెరిగినందువలన గలిగినదని పొరబడుట సులభము. అందుచేతనే దీనిని ప్రత్యేకముగ చెప్పుచున్నాము.

ఇక తక్కిన మందులతో దీనికి గల పొత్తు. ‘డి’ విటమినుతో కాల్షియమును చేర్చిన మాత్రలు చాల గలవు. కాల్షియము థైరాయిడు మందును ఒంటబట్టనీయదు గనుక రెంటికిని నాలుగుగంటల యెడముండవలయును. రక్తపుపోటునకు క్లోర్‌థాలిడోన్ వంటివి వాడువారికి కాల్షియము మూత్రములో పోక నెత్తుటిలోనే నిలుచును. వారు వైద్యునకు చెప్పితీరవలయును. గుండెకు డిగాక్సిన్ వాడువారికి హెచ్చు కాల్షియము ప్రాణాపాయకరము. ఇందుకు విరుద్ధముగ, మూర్ఛకు వాడు ఫినటాయిన్, క్షయకు వాడు రిఫాంపిసిన్ ఉన్న ‘డి’ని త్వరగా హరింపజేయును. కీళ్లవాతమునకు, ఉబ్బసమునకు నెలలతరబడి స్టెరాయిడులు మ్రింగువారి ఎముకలు గుల్లబారును గనుక వారికి ‘డి’యు, కాల్షియమును తరచుగా అవసరమగును. ఒకే గుళిక ఒకరికి ప్రాణమిత్రము, ఒకరికి గండము.

మరి యీ గుళికవలన మధుమేహము, గుండెజబ్బు, పుట్టకురుపు కుదురునని చెప్పుకొను మాటలో నిజమెంత? అమెరికాలో 25,871 మందిపై జరిపిన పెద్ద పరిశోధనలో దినమునకు 2,000 యూనిట్లు వాడినవారికి పుట్టకురుపుగాని, గుండెపోటుగాని తక్కువగా వచ్చినట్లు కనబడలేదని 2018 లో ప్రకటించిరి. దేహము తనపై తానే తిరుగబడు కీళ్లవాతము వంటి వ్యాధులు మాత్రము క్రొత్తగా వచ్చుట నూటికి 22 వంతులు తగ్గినట్లు అదే పరిశోధనవలన 2022 లో తెలిసినది. మధుమేహమునకు గుమ్మముకడ నున్న 2,423 మందికి దినమునకు 4,000 యూనిట్లిచ్చి చూచిన మరియొక పరిశోధన, దానివలన చెప్పదగినంత రక్షణ కలుగలేదని 2019 లో తేల్చినది. కాబట్టి లోపమును తీర్చుకొనుట వేరు, రోగమును పోగొట్టుకొనుట వేరు. గుళికను నమ్మి చక్కెరమందు మానినవారు చెడుదురు.

అన్నిటికంటె మాకు బాధ కలిగించు సంగతి వేరొకటి గలదు. పోషకాహారసంస్థయందలి డాక్టరు వీణా శత్రుఘ్నగారును వారి సహచరులును హైదరాబాదులోని బీదకుటుంబముల స్త్రీల ఎముకలను పరీక్షించి 2005 లో ప్రకటించిన విషయములలో, ఆ స్త్రీల ఆహారములో దినమునకు కాల్షియము సుమారు 270 మిల్లీగ్రాములు మాత్రమే యున్నట్లున్నది. నేడు అదే సంస్థవారు కావలెననునది 1,000 మిల్లీగ్రాములు. కాల్షియమే లేనిచో ‘డి’ విటమిను దేనిని లాగుకొనిపోవును? బీదలయిండ్లనేల, కలిగినవారి యిండ్లలోను గడ్డపెరుగు మగవారికి, పాలు పిల్లలకు, మజ్జిగపై తేట ఇల్లాలికి! నెలకొక గుళిక కొనియిచ్చు భర్త, దినమున కొక గిన్నెడు పెరుగు ఆమె కంచములో పడుచున్నదో లేదో చూడవలదా? రాగులు నూరుగ్రాములలో 350 మిల్లీగ్రాములకు తక్కువకాని కాల్షియ మున్నది. నువ్వులు, మునగాకు, ముండ్లతో దిను చిన్నచేపలు ఇట్టివే. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వీనినిగూడ వైద్యునడిగియే తినవలయును.

‘డి’ విటమినుండు ఆహారము చాలకొద్ది. చేపలు, గ్రుడ్డుసొన ముఖ్యములు. శాకాహారులు పాలసంచులపైనను, నూనెపొట్లములపైనను ‘ప్లస్ ఎఫ్’ గుర్తును చూచి కొనుట మేలు. వానిలో ‘ఎ’, ‘డి’ విటమినులు చేర్పబడియుండును.

గుళికను ఖాళీకడుపున గాక, కొంచెము నేయియో, నూనెయో గల భోజనముతో వేసికొనవలయును. వంటయింటి గోడకు వ్రేలాడు పంచాంగపు కేలండరుమీద వారమున కొకదినము, గురువారమో, శుక్రవారమో, ఎఱ్ఱసిరాతో ఎనిమిది గుర్తులు ముందుగనే పెట్టుకొనుడు. మ్రింగినదినమున ఆ గుర్తును కొట్టివేయుడు. ఒక వారము మరచిన, రెండు గుళికలొక్కమారు వేసికొనక వైద్యునడుగుడు. వైద్యుని యొద్దకు బోవునపుడు మందులన్నియు, నాటుమందులు, బలపుపొడులు గూడ, ఒక సంచిలో వేసికొనిపోయి ఆయన బల్లమీద పెట్టుడు. ఆ పొడులలోను ‘డి’ విటమిను కలిసియుండుట కలదు.