తరిమెన మీది గిన్నె: మంచిచెడ్డలు ఎవరు చెప్పాలి?

తరిమెన అనే మాట ఇప్పుడు మన జిల్లాల్లో దాదాపు వినపడదు. కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే సాధనం అది. మంచం కోళ్ళు, ఉయ్యాల కడ్డీలు, కవ్వాలు, బొంగరాలు దానిమీదే పుట్టాయి. ఇవాళ వడ్రంగులు కూడా లేతు అనే అంటున్నారు. ‘చిత్రిక పట్టడం’ అనే మాటను మాత్రం మన విమర్శకులు వడ్రంగి దగ్గర అరువు తెచ్చుకుని తిరిగి ఇవ్వలేదు. వాక్యాన్ని చిత్రిక పట్టాడు, పాత్రను చిత్రిక పట్టాడు అని అలవాటుగా రాస్తుంటాం. అరువు తెచ్చుకున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఆ కొట్టం వైపు వెళ్ళి చూడటం న్యాయం. చేతిపనిని ఎలా విమర్శిస్తారు, ఆ విమర్శ చేసిన మనిషికి ఏ రూపంలో అందుతుంది అన్నది ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

నా ముందున్న ఉదాహరణ ఒక కొయ్యగిన్నె. చిలకలూరిపేట ప్రాంతంలోని ఒక పల్లె వడ్రంగి చేశాడు. పేరు రాయొద్దన్నాడు కనుక రాయడం లేదు. దాని విశేషమంతా కర్రలో ఉంది. ఎడ్లబండి చక్రం మధ్యలో ఇరుసు దూరే లావుపాటి దుంగ ఉంటుంది. ఇది నల్లతుమ్మ చేవ. చుట్టూ పన్నెండు ఆకులు దిగేసే బెజ్జాలు. పత్తీ మిరపా పండే ఈ నల్లరేగడి నేలల్లో, గుంటూరు నుంచి అద్దంకి, దర్శి దాకా, కాస్త భూమున్న ఇంట్లో బండి ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక చక్రాలు పశువుల కొట్టాల వెనక చేరాయి. అలాంటి ఒక దుంగను తరిమెనకెక్కించి లోపల తొలిచి, అడుగున ఇరుసు బెజ్జానికి బిరడా దిగేసి, ఆకుల బెజ్జాలను వేపచెక్క ముక్కలతో పూడ్చి గిన్నె తీశాడు. నల్లటి ఒంటి చుట్టూ పన్నెండు లేతరంగు చదరాలు. ఇటువంటిది నేను ఎక్కడా చూడలేదు. ఆయనా చూడలేదు. అందుకే, “ఎట్టా ఉందో నలుగురికీ చూపించి చెప్పండి మాస్టారూ” అని నా చేతిలో పెట్టాడు.

మంచిచెడ్డలు చెప్పే ముందు కర్ర స్వభావం కొంత తెలియాలి. పచ్చికర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంట కుంచించుకుపోయేది, మాను నడిమి నుంచి బెరడు వైపుకు కుంచించుకుపోయేదానికి సుమారు రెట్టింపు. అందుకే పచ్చికర్రతో గుండ్రంగా తీసిన గిన్నె ఆరేసరికి కోలగా మారుతుంది. పగుళ్ళు తరచు మాను నడిమి నుంచే మొదలవుతాయి. పనివాళ్ళు పచ్చిగిన్నెను మొదట వెడల్పులో పదోవంతు మందం ఉండేట్టు తీసి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, మళ్ళీ తరిమెనకు ఎక్కించడం ఇందుకే. చక్రపు దుంగకు ఈ బాధలు తక్కువ. ఏళ్ళ తరబడి ఆరింది. మాను నడిమి భాగాన్ని ఇరుసు కోసం ఏనాడో తొలిచేశారు. కానీ దాని బాధలు దానికున్నాయి. నార గిన్నె అడుగు నుంచి అంచు వైపుకు నిలువుగా ఉంటుంది. అడుగు తొలిచేటప్పుడు ఉలి నార కొసల మీద పడుతుంది. పదును ఏ కాస్త తగ్గినా అది కోయదు, పీకుతుంది. ఇనుప కట్టు ఉన్నచోట తుమ్మలోని వగరూ ఇనుమూ కలిసి నల్లమరక కడతాయి. పైగా ఏళ్ళకేళ్ళు పెట్టిన కందెన, అంటే ఆముదమూ గడ్డిమసీ, కర్రలోకి ఇంకి ఉంటుంది.

మొదట ఒక కవిమిత్రుడికి చూపించాను. చక్రం ఆగినచోట గిన్నె పుట్టిందన్నాడు. ఆకలినీ చరిత్రనూ కలిపాడు. చాలాసేపు మాట్లాడాడు. అదంతా వడ్రంగికి చెపితే, “ఇంతకీ బాగుందన్నారా, లేదన్నారా?” అని అడిగాడు. పట్నంలో హస్తకళల కొట్టు నడిపే ఒకాయన మాత్రం నిమిషంలో తేల్చేశాడు. బెజ్జాలు పూడ్చకూడదు, మరకలు తుడవకూడదు, బండిచక్రంలోంచి వచ్చిందని ఒక చీటీ కట్టాలి. గిన్నె సంగతి ఆయనకు పట్టలేదు. కొనబోయేవాడి బాల్యం ఎంత ధర పలుకుతుందో అదే ఆయన లెక్క.

నరసరావుపేట వైపు డెబ్బై దాటిన మరో వడ్రంగి ఉన్నాడు. ఆయన అయిదు నిమిషాలు నోరు విప్పలేదు. ముందు దూరం నుంచి చూశాడు. తర్వాత ఎత్తాడు. “చూపుకు తేలిక, చేతికి బరువు” అన్నాడు. మన కన్ను వస్తువును చూడగానే దాని బరువు అంచనా కడుతుంది. చెయ్యి ఆ అంచనాను కాదంటే అడుగులో అక్కరలేని కర్ర మిగిలిందన్నమాట. కళ్ళు మూసుకుని, బొటనవేలూ చూపుడువేలూ అంచుకు అటూ ఇటూ పెట్టి కిందికి జార్చాడు. మందం మారినచోట వేళ్ళు ఆగాయి. లోపలి వంపు అడుగుకు చేరేచోట సన్నని మెట్టు ఉంది. “ఇక్కడ ఉలి నూరుకోవాల్సింది. గరుకు కాగితంతో సర్దేశాడు” అన్నాడు. ఆఖర్న వేపముక్కల మీద గోరు ఆనించి, “వీటి నార లోపలికి పోతోంది, గిన్నె నార పైకి పోతోంది. రోహిణి కార్తె వెళ్ళనివ్వండి, అప్పుడు చూడండి” అన్నాడు. కర్ర నార పొడుగునా కుంచించుకుపోయేది బహు స్వల్పం. అడ్డంగానే కుంచించుకుపోతుంది. నార దిక్కు వేరైన ముక్క ఎండలకు దిటవు తప్పుతుందని ఆయన చెప్పడం.

ఈ విమర్శలో ఒక్క విశేషణం లేదు. ప్రతి మాటా మర్నాడు పొద్దున తరిమెన ముందు నిలబడ్డ మనిషికి పనికొచ్చేదే. మన సమీక్షల్లో ఇలాంటి వాక్యాలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది.

అయినా అది సగం విమర్శే. తోటి పనివాడు పనితనం చూస్తాడు, వాడుకను అంతగా పట్టించుకోడు. మా వీధిలో మిర్చి తొడిమలు తీసే కూలికి పోయే పెద్దావిడను, “ఇందులో ఏం పెట్టుకుంటావు పిన్నీ?” అని అడిగాను. ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఆముదం కంపు కొడుతుంటే తినేదేం పెడతాం నాయనా!” అంది. తర్వాత నేలమీద పెట్టి ఒక వేలితో అంచు నొక్కింది. గిన్నె ఒరిగింది. రోజంతా నేలమీద కూర్చుని పనిచేసే మనిషికి వస్తువు నేలమీద నిలుస్తుందా లేదా అన్నదే మొదటి పరీక్ష. బల్లల మీద పెట్టి చూసేవాళ్ళకు అది తట్టదు. “అడుగు ఇంకాస్త వెడల్పు చెయ్యమను. ముక్కల సందులు పూడ్చమను, మిరపగింజ ఇరుక్కుంటది” అని కూడా చెప్పింది.

1867లో మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటాన్ని సరుకుతోనే మొదలుపెట్టి, దాని ఉపయోగపు విలువనూ మారకపు విలువనూ విడదీసి చూపాడు. కొట్టు యజమానీ పిన్నీ ఒకే గిన్నెను చూసి, ఒకరు ఒక విలువ గురించి, మరొకరు మరో విలువ గురించి మాట్లాడారు. ఇద్దరి మాటా వడ్రంగికి కావాలి. మొదటివాడు చెప్పినట్టు చెయ్యకపోతే బియ్యం రావు. రెండో మనిషి చెప్పినట్టు చెయ్యకపోతే అది గిన్నె కాదు.

పూర్వం ఈ చిక్కు లేదు కదా అనేవాళ్ళున్నారు. పూర్వం మేర ఉండేది. ఏడాది పొడుగునా నాగళ్ళూ బండ్లూ బాగుచేసినందుకు వడ్రంగికి కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. అప్పుడు మంచిచెడ్డలు చెప్పడమంటే రైతు కేకలెయ్యడం, వడ్రంగి తల వంచుకుని వినడం. “ఎందుకు బాగాలేదు?” అని తిరిగి అడిగే హక్కు చేసినవాడికి లేదు. మేర పోయింది, సంత వచ్చింది. సంత కేకలెయ్యదు. కొనకుండా వెళ్ళిపోతుంది. ఎందుకు కొనలేదో అదీ చెప్పదు. పనివాడు సమానుడిగా అడిగి, సమానుడిగా జవాబు పొందే చోటు రెండు కాలాల్లోనూ కరువే.

అది దొరికితే ఏం జరుగుతుందో ఏటికొప్పాక చెపుతుంది. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలిరేకుతో మెరుగు పెడతారు. మధ్యలో రసాయన రంగులు చేరాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఆ రంగులేమిటన్న ప్రశ్న వచ్చింది. సి.వి.రాజు పనివాళ్ళతో కలిసి కూర్చుని పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటినుంచి తీసే రంగులకు మళ్ళీ ప్రాణం పోశాడు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటమెక్కాయి. ఢిల్లీ చప్పట్ల కంటే రంగు మీద లేచిన ఆ అభ్యంతరమే ఊరికి ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

అమెరికాలో తరిమెన పనివాళ్ళు 1986లో ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ సభలకు సభ్యులు తమ గిన్నెలు తెచ్చి బల్లల మీద పరుస్తారు. అనుభవజ్ఞులు కొన్నింటిని చేతిలోకి తీసుకుని అందరిముందూ తప్పొప్పులు చెపుతారు. అక్కడ చాలామందికి అది తీరికవేళ పని, కనుక తప్పు బయటపడితే కూడు పోదు. మనవాడికి పోతుంది. అందుకే మనదగ్గర ఈ పని ఇంకా జాగ్రత్తగా, ఇంకా నిజాయితీగా జరగాలి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు ఇంటిపేరులోనే ఒక పనిముట్టు ఉంది. చేతిపనివాళ్ళను ఇటువంటి సభలకు పిలిచి శాలువా కప్పి పంపించడం మనకు బాగానే వచ్చింది. వాళ్ళ వస్తువును చేతిలోకి తీసుకుని అంచు మందం చూసిన సభ నాకు గుర్తులేదు.

విన్న మాటలన్నీ, కవిగారివి తప్ప, వడ్రంగికి యథాతథంగా అప్పజెప్పాను. ఉలి మాటకు ముఖం ముడుచుకున్నాడు. నేలమీద ఒరిగిందన్న మాటకు వెంటనే లేచి గిన్నెను అరుగుమీద పెట్టి తానే నొక్కి చూసుకున్నాడు. రెండో గిన్నెకు అడుగు వెడల్పు చేశాడు. ముక్కలు తుమ్మతోనే, నార నిలువుగా ఉండేట్టు కోసి, సందుల్లో లక్క కరిగించి పోశాడు. రోహిణి ఎండలకు పన్నెండింటిలో ఒక్కటి కదిలింది. కందెన వాసన పోవడానికి ఊకలో పూడ్చి ఎండబెట్టాడు గానీ, వానలు పడితే మళ్ళీ వస్తూనే ఉంది. పిన్ని దాన్ని తీసుకుంది, ఎండుమిరపకాయలు పోసుకుంటోంది. మూడో గిన్నెకు దుంగ దొరకలేదు. రోడ్డు పక్క హోటళ్ళవాళ్ళు గోడలకు తగిలించుకోవడానికి పాత చక్రాలు కొంటున్నారట, ధర పెరిగింది.