బండికి ముసలితనం ఎక్కడ మొదలవుతుంది?

1983 డిసెంబరు 14న ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి నాటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళంచెవులు అందుకున్నారు. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ కారు అమ్మలేదు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారిది ఇంకా పెద్ద కథ. 1966లో కొన్న వోల్వో పి1800తో ఆయన 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు తిరిగారు. మరి మన వీధిలో పదేళ్లకే కారు మార్చేసేవాళ్లు తొందరపడుతున్నట్టా? పాతికేళ్ల బండిని షెడ్డు చుట్టూ తిప్పుతున్నవాళ్లు పిసినారులా? రెండూ కాకపోవచ్చు. కారుకు ఒక వయసుండదు, మూడుంటాయి: ఇంజిన్ వయసు, ఒంటి వయసు, కాలం చెల్లే వయసు. మన ఊళ్లలో ఒక తరం మొత్తం డ్రైవింగ్ నేర్చుకున్న 800నే ముందు పెట్టుకుని ఆ మూడూ చూద్దాం.

దాని గుండెకాయ 796 సీసీ ఇంజిన్. మూడు సిలిండర్లు, ఒక్కోటి 68.5 మిల్లీమీటర్ల వెడల్పు. పిస్టన్ కిందికి దిగేది 72 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, బండి ఒక కిలోమీటరు నడిచేలోగా పిస్టన్ సిలిండర్ లోపల 432 మీటర్లు ఎక్కిదిగుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి జానెడు కూడా లేని ఆ గొట్టంలో 43 వేల కిలోమీటర్ల ప్రయాణం. భూమి చుట్టుకొలత కన్నా ఎక్కువే!

ఇంత రాపిడి జరిగినా ఇనుము అరిగిపోదెందుకు? మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది కాబట్టి. పిస్టన్ వేగంగా కదులుతున్నంతసేపూ ఆ పొర లోహాన్ని లోహానికి తగలనివ్వదు. సిలిండర్ పైకొసలో మాత్రం పిస్టన్ ఒక్క క్షణం ఆగి వెనక్కి మళ్లుతుంది. మంటా, ఒత్తిడీ ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఆగినచోట పొర పలచబడుతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గోడను గీస్తాయి. అందుకే పాత ఇంజిన్ విప్పితే సిలిండర్ పైభాగంలో గోరుకు తగిలేంత గట్టు కనిపిస్తుంది. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడూ ఇదే తంటా. కిందికి జారిన ఆయిల్ మళ్లీ పైకి చేరేదాకా రాపిడి తప్పదు.

రోజూ కూరగాయల మార్కెట్ దాకా వెళ్లివచ్చే బండి తక్కువ తిరిగింది కదా, కుర్రబండే అనుకుంటాం. కానీ పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కేలోపే ఆపేస్తే ఆ నీరు సైలెన్సర్‌లో నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది, కొంత ఆయిల్లో కలుస్తుంది. మీటరు మీది అంకె ఎంత తిరిగిందో చెబుతుంది గానీ, ఎలా తిరిగిందో చెప్పదు.

ఇంజిన్ వయసు కనిపెట్టడం అనుభవమున్న మెకానిక్‌కు పెద్ద పనేం కాదు. నీలిపొగ వస్తే ఆయిల్ తాగుతోందని, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ దాటి నీళ్లు లోపలికి వస్తున్నాయని చూడగానే చెబుతాడు. అనుమానముంటే స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో గేజి బిగించి ఇంజిన్ తిప్పుతాడు. మూడు సిలిండర్ల ఒత్తిడీ తగినంత ఉండి, దగ్గర దగ్గరగా ఉంటే దిగులు లేదు. ఒకదానిలో బాగా తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాడు. ఒత్తిడి పెరిగితే, రింగుల సందుల్ని ఆయిల్ మూసిందన్నమాట, అంటే అరిగినవి రింగులు. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో ఉంది. చెంచాడు ఆయిల్‌తో వేల రూపాయల ప్రశ్న తేలిపోతుంది.

రింగులే అరిగినా బండి పని అయిపోయినట్టు కాదు. సిలిండర్‌ను పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో బోరింగ్ చేసి, ఆ కొలతకు పెద్ద పిస్టన్లు వేస్తే ఇంజిన్‌కు రెండో జన్మ. క్లచ్ ప్లేటు, రేడియేటర్, షాక్ అబ్జార్బర్లు అన్నీ మార్చుకునేవే. గోర్డన్ వోల్వో అంత దూరం నడిచిందంటే, వేళకు ఆయిల్ మార్చి, అవసరమైనప్పుడు ఇంజిన్ విప్పి బాగుచేయించడమే కారణం.

మార్చలేనిది ఒళ్లు. 800 లాంటి చిన్న కార్లకు కింద వేరే చట్రం ఉండదు. చాలావరకు ఒక మిల్లీమీటరు మందం కూడా లేని ఉక్కు రేకుల్ని మడిచి, వెల్డింగ్ చేసిన డొల్లే వాటి ఎముకల గూడు. తుప్పు అసలు ఉక్కు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపల ఉబ్బి పెయింటును పైకి లేపుతుంది. పైన చిన్న పొక్కు కనిపించేసరికే అడుగున పని చాలా జరిగిపోయి ఉంటుంది. ఉప్పుగాలి దీన్ని తొందరపెడుతుంది. విశాఖ, కాకినాడ తీరంలో నిలిపే బండికి తుప్పు ముందొస్తే, అనంతపురం ఎండలో నిలిపేదానికి రబ్బరు బుష్‌లు, హోస్‌లు ముందు బీటలిస్తాయి. హోస్ కొత్తది వేయించుకోవచ్చు. ఫ్లోర్ మ్యాట్ల కింద, డోర్ల అడుగున, బ్యాటరీ పెట్టే పళ్లెం కింద, సస్పెన్షన్ బిగించే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగి, పెచ్చులు రాలితే జాగ్రత్త. డోరు తుప్పుకు టింకరింగ్ చాలు. సస్పెన్షన్ మోసేచోట ఉక్కు తినేస్తే మాత్రం అతుకులు వేయించి పిల్లల్ని ఎక్కించుకోవడం తెలివి కాదు.

ఒళ్లు గట్టిగానే ఉన్న బండి సంగతేమిటి? అప్పుడు లెక్క మాట్లాడాలి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగరంలో సిటీ బస్సుల మెయింటెనెన్స్ చూసిన హెరాల్డ్ జర్చర్ ముందు ప్రతి నెలా ఒకటే ప్రశ్న: ఏ బస్సు ఇంజిన్ ఉంచాలి, ఏది మార్చాలి? తొందరపడితే డబ్బు వృథా. ఆలస్యం చేస్తే ప్రయాణికులతో సహా బస్సు నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. ఆయన బస్సుల రికార్డులు తీసుకుని జాన్ రస్ట్ అనే ఆర్థికవేత్త 1987లో ఎకనామెట్రికా పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఆర్థికశాస్త్రంలో అది నేటికీ పాఠమే. ఇప్పటి ఖర్చుతో పాటు ముందు రాబోయే ఖర్చునూ కలిపి చూసే మనిషి ఎలా నిర్ణయిస్తాడన్నదాన్ని అందులో గణితంగా రాశాడు.

మన కారుకూ అదే సూత్రం. బండి అమ్మితే వచ్చేది 80 వేలు, రిపేరుకు అడుగుతున్నది 40 వేలు అనుకుందాం. బండి విలువలో సగం రిపేరుకే పోస్తామా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజంగా పోల్చాల్సింది బిల్లునూ బండి ధరనూ కాదు, పాతబండితో వచ్చే ఏడాది ఖర్చునూ కొత్తదానితో సగటు ఏడాది ఖర్చునూ. పాతదాని రిపేరు 40 వేలు, ఏడాదిలో ధర ఓ 15 వేలు పడిపోతుంది, మొత్తం 55 వేలు. కొత్తది 6 లక్షలకు కొని పదేళ్ల తర్వాత లక్షకు అమ్మితే ఏడాదికి 50 వేలు పోయినట్టే. దానికి సర్వీసింగు, డబ్బు మీద వడ్డీ కలిపితే 90 వేలకు చేరుతుంది. ఈ ఏడాదికి రిపేరే లాభం. పాతబండి ఏడాది ఖర్చు ఆ 90 వేలు దాటబోతోందని తెలిసినప్పుడు మార్చాలి. పోయినేడు వేయించిన క్లచ్చు ఖర్చును మాత్రం లెక్కలోకి లాగొద్దు. అది ఎటూ తిరిగిరాదు.

ఇక మూడో వయసు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు రాగానే అక్కడ 800 అమ్మకాలు ఆగిపోయాయి. 2014 జనవరి 18న ఉత్పత్తి కూడా నిలిచిపోయింది. ఇంజిన్‌లో సత్తువ తగ్గి కాదు, చుట్టూ ప్రమాణాలు మారి. సొంతకారు రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పాతబండికి ఏ షెడ్డులోనూ తగిలించలేరు. ఊళ్లో సంతకు తిరిగే బండికి ఇది చిన్న లోటే. వారంవారం హైవే ఎక్కేవాళ్లు మాత్రం ఖర్చు లెక్క కన్నా ముందు దీన్నే చూసుకోవాలి.

జర్చర్ నిర్ణయాలను అన్నేళ్ల తర్వాత కూడా పరీక్షించగలిగారంటే, ప్రతి బస్సుకూ నెలనెలా తిరిగిన దూరం, మార్చిన ఇంజిన్ల వివరం రాసి ఉండబట్టే. బండి డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, మీటరు అంకె, చేయించిన పని, అయిన ఖర్చు రాసుకుంటే మనకూ రెండేళ్లలో ఖర్చు గీత ఎటు వెళుతోందో తెలుస్తుంది. ఆ పుస్తకం లేనివాడి బదులు, ఉంచుకోమని మెకానిక్కో, మార్చేయమని సేల్స్‌మనో నిర్ణయం తీసుకుంటాడు.